అక్క రోజుకి ఎన్నిసార్లు సాయం అడగాలి? హైదరాబాద్ మెట్రోలో వీల్‌చైర్‌తో ఐదు నెలలు

ఈ రివ్యూలో నేను చూసిన కొలత ఒకటే. ఇంటి గడప దాటిన దగ్గర్నుంచి ఆఫీసు టేబుల్ చేరేదాకా మా అక్క ఎన్నిసార్లు "బాబూ, కొంచెం పట్టుకోవా" అనాల్సి వచ్చింది అన్నది. ఏసీ గురించి, సీట్ల గురించి, టికెట్ ధర గురించి చాలామంది రాశారు, కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

అక్కకి చిన్నప్పుడు పోలియో వచ్చింది. నలభై రెండేళ్ళ దాకా కాళ్ళకి బిగించుకునే కాలిపర్లు, చంక కర్రలతోనే నడిచింది, చదువుకుంది, అకౌంట్స్‌లో ఉద్యోగం చేసింది. ఇన్నేళ్ళూ ఒంటి బరువంతా మోసి భుజాలు అరిగిపోయాయి, ఇక కర్రలు వద్దని డాక్టర్ చెప్పాక వీల్‌చైర్‌కి మారింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014లో పోలియో లేని దేశంగా సర్టిఫికెట్ కూడా వచ్చింది, అది చాలా గొప్ప విషయం. కానీ అంతకుముందు పోలియో వచ్చినవాళ్ళు చాలామంది ఇంకా ఉద్యోగం చేసే వయసులోనే ఉన్నారు, వాళ్ళలో అక్కలాగా భుజాలు అరిగి కర్రల నుంచి చక్రాలకి మారుతున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి బస్సు, రైలు ఇప్పుడే ఎక్కువ అవసరం.

ఐదు నెలల కిందట అక్క ఆఫీసు హైటెక్ సిటీకి మారింది. మేం ఉండేది తార్నాక వైపు. రోజూ క్యాబ్ అంటే జీతంలో సగం అక్కడే పోతుంది. మెట్రో బ్లూ లైన్ నాగోల్ నుంచి రాయదుర్గం దాకా ఒకటే లైన్, మధ్యలో మారే పని లేదు, చూద్దాం అనుకున్నాం. మొదటి వారం నేను సెలవు పెట్టి తోడు వెళ్ళాను. అప్పుడే ఈ లెక్క మొదలైంది. అక్కే మొదలుపెట్టింది, ఫోన్‌లో నోట్స్ తీసి తారీకు వేసి పక్కన ఒక అంకె రాసుకునేది. మొదటి రోజు 9.

ఆ తొమ్మిదిలో స్టేషన్‌లోకి వెళ్ళాక ఎన్నో తెలుసా, ఒక్కటి. అది కూడా నేను పక్కనుండి కంగారుపడి అడిగింది, అక్క అడగలేదు.

మెట్రో గురించి ముందు మంచి చెప్తాను, ఎందుకంటే అది నిజంగా బాగుంది. లిఫ్ట్ రోడ్డు దగ్గర ఎక్కితే టికెట్ల అంతస్తులో దిగుతాం, అక్కడ ఇంకో లిఫ్ట్ ప్లాట్‌ఫారమ్ మీదికి తీసుకెళ్తుంది. గేట్లలో ఒకటి వెడల్పుగా ఉంటుంది, చైర్ గోడకి రాసుకోకుండా వెళ్ళిపోతుంది. మెటల్ డిటెక్టర్‌లోంచి వీల్‌చైర్ వెళ్ళదు కాబట్టి పక్కకి పిలిచి చేతి మెషిన్‌తో చూస్తారు, ఆడవాళ్ళకి ఆడ గార్డే చూస్తుంది. ప్లాట్‌ఫారమ్, రైలు ఫ్లోర్ ఇంచుమించు ఒకే ఎత్తు. మధ్యలో చిన్న సందు ఉంటుంది, ముందున్న చిన్న చక్రాలు అందులో ఇరుక్కోకుండా అక్క వెనక్కి తిరిగి పెద్ద చక్రాలతో ముందు ఎక్కుతుంది. వీల్‌చైర్ వాడటం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఈ పద్ధతి రద్దీ లేని వేళ ఒకటి రెండుసార్లు నేర్చుకుంటే భయం పోతుంది. లోపల చైర్‌కి గుర్తు వేసిన చోటు ఉంది. బ్రేకులు వేసుకుని కిటికీ పక్కన కూర్చుంటే హైటెక్ సిటీకి సుమారు ముప్పావు గంట. సుమారు ఇరవై కిలోమీటర్లు.

ఆ ముప్పావు గంట గురించి అక్క చెప్పిన మాట ఒకటి రాయాలి. రెండో రోజు బేగంపేట దాటాక ఉన్నట్టుండి, "ఒరే, ఇంతసేపట్లో నన్ను ఎవరూ ఏమైంది, ఎప్పట్నుంచి అని అడగలేదు చూశావా" అంది. నాకు ముందు అర్థం కాలేదు. సాయం అడిగిన ప్రతిసారీ దాని వెనకే ఆ ప్రశ్న వస్తుందట. పట్టుకున్నవాళ్ళు మంచివాళ్ళే, జాలితోనే అడుగుతారు, కానీ రోజుకి తొమ్మిదిసార్లు సాయం అడిగితే కనీసం నాలుగుసార్లు తన కాళ్ళ కథ చెప్పాల్సొస్తుంది. సాయం అవసరం లేని చోట కథ కూడా చెప్పక్కర్లేదు. నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి నాకు ఈ సంగతి తెలీదు.

జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి కూడా వెళ్ళాం. అమీర్‌పేటలో రెడ్ లైన్‌కి మారి గాంధీ భవన్ స్టేషన్‌లో దిగాం. అమీర్‌పేట పెద్ద స్టేషన్, సాయంత్రం జనం విపరీతం, నేను చాలా టెన్షన్ పడ్డాను, కానీ లిఫ్టుల గుర్తులు చూసుకుంటూ అక్కే ముందు వెళ్ళింది. పెళ్ళి కాకముందు నాన్నతో ఆటోలో వెళ్ళడమే, మళ్ళీ ఇప్పుడు. ఆ రోజు అంకె రాయడం అక్క మర్చిపోయింది.

మా ఆఫీసులో చూపు లేని కొలీగ్ ఒకాయన ఉన్నారు, తెల్ల కర్రతో ఒక్కరే వస్తారు. ఈ లెక్క సంగతి చెప్తే ఆయన తన లెక్క చెప్పారు. కింద వేసే పసుపు పలకల్లో గీతలుంటే ముందుకి వెళ్ళు అని, చుక్కలుంటే ఆగు, ఏదో ఉంది అని. ఆ రెంటి తేడా కాలికి, కర్రకి తెలిస్తే చాలు, ప్లాట్‌ఫారమ్ అంచు ఎక్కడో ఎవరినీ అడగక్కర్లేదు. రైల్లో వచ్చే స్టేషన్ పేరు తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో చెప్తారు. ఆయనకి రైల్లో సున్నా, బస్‌స్టాప్‌లో మాత్రం వచ్చే ప్రతి బస్సుకీ "ఇది ఎంత నంబర్ అండీ" అని అడగాలి. పక్కన ఎవరూ లేకపోతే బస్సు వెళ్ళిపోతుంది. దీనికి ఐఐటీ ఢిల్లీ వాళ్ళు ఆన్‌బోర్డ్ అనే పరికరం తయారుచేశారు, చేతిలో బటన్ నొక్కితే దగ్గరికొచ్చిన బస్సు తన నంబరు స్పీకర్‌లో చెప్తుంది, ఢిల్లీలో, ముంబైలో బస్సుల మీద పరీక్షించారు కూడా. ఇలాంటిది ఒక ఊళ్ళో బస్సులన్నిటికీ పెడితే ఆ మనిషి రోజు ఎంత తేలికవుతుందో ఊహించండి. అన్నట్టు మెట్రోలో అక్కకి అవసరమైంది లిఫ్ట్, ఆయనకి ఆ పలకలు, చెవులు వినపడనివాళ్ళకి తలుపు పైన వెలిగే స్టేషన్ల బోర్డు. ప్లాన్ గీసినప్పుడే ఈ ముగ్గురినీ గుర్తుపెట్టుకున్నారు కాబట్టే మూడూ ఉన్నాయి. కట్టేసిన తర్వాత లిఫ్ట్ పెట్టాలంటే గోడలు పగలగొట్టాలి.

లిఫ్ట్‌తో ఒక్క ఇబ్బంది ఉంది, అది మనవల్ల, అంటే ప్రయాణికుల వల్ల. ఉదయం తొమ్మిదికి కాళ్ళు బాగున్నవాళ్ళు పదిమంది లిఫ్ట్‌లో నిండిపోతారు. పక్కనే ఎస్కలేటర్ నడుస్తుంటుంది. అక్కని చూసి కూడా ఫోన్‌లోకి తల దించుకునేవాళ్ళు ఉంటారు. రెండు ట్రిప్పులు, ఒక్కోసారి మూడు ట్రిప్పులు ఆగుతుంది. దయచేసి ఇది చదివేవాళ్ళు ఎస్కలేటర్ ఎక్కండి. సామాను ఉన్నవాళ్ళు, గర్భిణులు, పెద్దవాళ్ళు ఎక్కితే అక్కకి ఏ బాధా లేదు, కానీ కాలేజీ బ్యాగు సామాను కింద లెక్క కాదు.

ఇక మిగిలిన ఎనిమిది. మా ఇంటి నుంచి స్టేషన్ దాదాపు తొమ్మిది వందల మీటర్లు. సాఫీగా ఉంటే చైర్ తనే తోసుకుంటూ పావుగంటలో వెళ్ళగలదు, చేతుల్లో ఆ మాత్రం బలం ఇంకా ఉంది. కానీ ఫుట్‌పాత్ ఎక్కడమే కుదరదు. ఒకచోట టేపు పెట్టి కొలిస్తే 28 సెంటీమీటర్ల ఎత్తుంది. రోడ్ల ప్రమాణాల్లో ఫుట్‌పాత్ ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదని ఉంది, చివర్లో చైర్ ఎక్కేలా వాలు ఉండాలి. వాలుకి లెక్క 1:12, అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు వాలు కావాలి. దారిలో ఒకచోట ర్యాంపు కట్టారు పాపం, కానీ జారుడుబండలా ఉంది, అక్క ఒక్కతే ఎక్కితే వెనక్కి పడిపోతుంది, దిగితే మొహం రోడ్డుకి తగులుతుంది. ఇంకోచోట బైకులు ఫుట్‌పాత్ మీదికి రాకుండా ఇనప గుంజలు పాతారు. బైకులు ఎలాగూ పక్కనుంచి ఎక్కుతున్నాయి, 66 సెంటీమీటర్ల వెడల్పున్న అక్క చైర్ మాత్రం ఆ గుంజల మధ్య పట్టదు. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన టిఫిన్ బండి, దాని ముందు ఆగిన స్కూటర్లు.

అందుకని ఆటో. ఆ కాస్త దూరానికే అరవై రూపాయలు. ఆటోలోకి తను చేతుల మీద జరిగి ఎక్కుతుంది, చైర్ మడిచి లోపల పెట్టడానికి ఒకసారి అడగాలి, దింపడానికి ఇంకోసారి, ఆటో ఆగిన చోటు నుంచి లిఫ్ట్ దాకా తోయడానికి మరోసారి. హైటెక్ సిటీలో దిగాక మళ్ళీ ఇదే తంతు. ఒకసారి వానొచ్చిందని క్యాబ్ బుక్ చేస్తే డ్రైవర్ డిక్కీ తీసి చూపించాడు, సగం డిక్కీ సీఎన్జీ సిలిండరే, చైర్ పట్టదు. అతని తప్పేం లేదు. ట్రిప్ క్యాన్సిల్ చేస్తూ రెండుసార్లు సారీ చెప్పాడు. కానీ బుక్ చేసేటప్పుడు డిక్కీ ఖాళీ ఉన్న బండి కావాలని అడిగే వీలే ఆ యాప్‌లో లేదు, ఆ రోజు అక్క ముప్పావు గంట తడిసింది.

డబ్బు, టైమ్ రెండూ కలిపి చూస్తే ఇరవై కిలోమీటర్ల మెట్రో కంటే అటు ఒక కిలోమీటరు, ఇటు ఒక కిలోమీటరే ఖరీదు.

బస్సు సంగతి చెప్పకుండా వదలలేను. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం వచ్చింది, ఆడవాళ్ళు ఆధార్ చూపిస్తే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. అక్క నిజంగా సంతోషపడింది, మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఆ మిగిలిన డబ్బుతో కూతురికి ట్యూషన్ పెట్టించిందని పదిమందికి చెప్పింది. ఆ హక్కు అక్కకీ ఉంది. ఆధార్ బ్యాగులోనే ఉంటుంది. మెట్లే అడ్డం.

ఇందులో ఇంజనీరింగ్ లెక్క ఒకటి ఉంది, కొంచెం ఓపికగా చదవండి. కేంద్రం సిటీ బస్సులకి రాసిన స్పెసిఫికేషన్లలో ఫ్లోర్ ఎత్తు మూడు రకాలు: 900 మిల్లీమీటర్లు, 650, 400. తొమ్మిది వందల ఎత్తుకి 1:12 లెక్కన వాలు వేస్తే దాదాపు 11 మీటర్ల ర్యాంపు కావాలి, బస్సే 12 మీటర్లు. అంటే ఆ బస్సుకి ర్యాంపు పెట్టడం అన్న మాటే లేదు, మనుషులు ఎత్తాలి, లేదా యంత్రం ఎత్తాలి. అదే 400 ఎత్తు బస్సు, 15 సెంటీమీటర్లు ఎత్తున్న బస్‌స్టాప్‌కి ఆనుకుని ఆగి, ఒక పక్కకి కొంచెం వంగితే, మడత ర్యాంపు ఒకటి తెరిస్తే చాలు. కాబట్టి బస్సు కొనే టెండర్‌లో ఎత్తు ఎంత రాశారన్న దాన్ని బట్టే అక్క ఎక్కగలదా లేదా అన్నది తేలిపోతుంది, ఆ బస్సు తిరిగే పది పన్నెండేళ్ళకీ. లండన్‌లో 2005 చివరికల్లా మామూలు రూట్ల బస్సులన్నీ లో-ఫ్లోర్ అయిపోయాయి, ప్రతి దాంట్లో ర్యాంపు, చైర్‌కి చోటు. మన దగ్గర కూడా కేంద్రం నగరాల కోసం పెట్టిన జెఎన్‌ఎన్‌యుఆర్‌ఎం పథకం కింద లో-ఫ్లోర్ బస్సులు వచ్చాయి. అంటే తెలియని విద్య కాదు. బస్సు ఎత్తు ఒక్కటే తగ్గితే చాలదు, స్టాప్ కూడా దానికి తగ్గట్టు ఉండాలి, డ్రైవర్ అంచుకి ఆనించి ఆపాలి, ఆపడానికి అక్కడ ఆటోలు ఉండకూడదు. ఇదంతా కలిపితేనే ప్లానింగ్.

చాలా ఏళ్ళ కిందట వేరే ఊళ్ళో ఒక బస్సులో అక్కని నలుగురు ఎత్తి ఎక్కించారు. నేను చిన్నవాణ్ణి, నాకు వాళ్ళు హీరోల్లా కనిపించారు. మొన్న ఆ విషయం గుర్తుచేస్తే అక్క, "చంకల కింద చేతులేసి ఎత్తారు రా, చీర ఎటు పోయిందో చూసుకోడానికి నాకు చెయ్యి ఖాళీ లేదు" అంది. ఇంకేం అనలేదు. ఆడవాళ్ళు చాలామంది వీల్‌చైర్‌తో ఎందుకు బయటికి రారో అర్థం కావడానికి నాకు ఆ ఒక్క మాట సరిపోయింది.

మా పిన్ని కూతురు అమెరికాలోని డెన్వర్‌లో ఉంటుంది. అక్క అడిగిందని అక్కడ కోల్‌ఫాక్స్, బ్రాడ్‌వే రోడ్లు కలిసే చోట ఉన్న ఫలకం ఫొటో పంపింది. 1978 జూలైలో పందొమ్మిది మంది వికలాంగులు ఆ కూడలిలో రెండు బస్సుల చుట్టూ వీల్‌చైర్లు నిలిపి, దిగి రోడ్డు మీద పడుకుని, రాత్రంతా కదల్లేదు. మేమూ ఎక్కుతాం అన్నదే వాళ్ళ నినాదం. పన్నెండేళ్ళ తర్వాత 1990లో అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం ఏడీఏ వచ్చింది. ఆ ఫొటో ఇప్పుడు అక్క ఫోన్ వాల్‌పేపర్.

చట్టం మనకీ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్‌లో బస్‌స్టాప్‌లు, రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాలు, టికెట్ కౌంటర్లు, టాయిలెట్లు, రోడ్లు అన్నీ ఉన్నాయి. అయితే ప్రమాణాల పుస్తకాల్లో చాలాచోట్ల 'చేస్తే మంచిది' అన్నట్టుగా రాశారు, 'చేసి తీరాలి' అని కాదు. చూపు లేని రాజీవ్ రాతూరి వేసిన కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు పట్టుకున్నది దీన్నే. ఆ చట్టం కింద రాసిన నిబంధనల్లో 15(1)ని చట్టానికి విరుద్ధమని కొట్టేసి, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు వేరుచేసి మూడు నెలల్లో రాయమని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో కోర్టు ముందుకొచ్చిన నివేదిక తయారుచేసింది మన నల్సార్ యూనివర్సిటీలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. అందులో అక్క ఒకరు. జనాభా లెక్కలవాళ్ళు వచ్చిన రోజు తనే తలుపు తీసింది, కర్రల మీద నిలబడి.

హైదరాబాద్ మెట్రో రెండో దశ 'ఏ' భాగానికి 76.4 కిలోమీటర్లు ప్రతిపాదించారు, విజయవాడ, విశాఖలకీ మెట్రో ప్లాన్లు ఉన్నాయి. ఆ ప్లాన్లు గీసేవాళ్ళని నేను కోరేది ఒకటే. స్టేషన్ గీతతో ఆగకండి. చుట్టూ ఒక కిలోమీటరు కూడా అదే కాగితం మీద గీయండి, అదే బడ్జెట్‌లో పెట్టండి. గీసేముందు అక్కలాంటి ఒకరిని, మా కొలీగ్ లాంటి ఒకరిని ఆ కిలోమీటరు తీసుకెళ్ళండి, డబ్బులిచ్చి తీసుకెళ్ళండి, అది నైపుణ్యం ఉన్న పని. నేను నలభై ఏళ్ళు తమ్ముణ్ణై ఉండి ఆ ఇనప గుంజల్ని ఎప్పుడూ గమనించలేదు, అక్క పది సెకన్లలో చెప్పింది.

స్టార్లు ఇవ్వాలి కాబట్టి ఇస్తున్నాను. స్టేషన్ లిఫ్ట్ తలుపు నుంచి ఇంకో స్టేషన్ లిఫ్ట్ తలుపు దాకా ఐదుకి ఐదు. గడప నుంచి ఆఫీసు టేబుల్ దాకా మొత్తం కలిపితే ఐదుకి రెండు. వీల్‌చైర్ వాడేవాళ్ళు ఇంట్లో ఉంటే మెట్రోకి భయపడకండి, మొదటిసారి ఆదివారం ఉదయం వెళ్ళండి, ఎటువైపు లిఫ్ట్ దగ్గర రోడ్డు బాగుందో ముందే ఒకరు చూసి రండి. సొంత చైర్ లేకపోతే స్టేషన్‌లో అడగండి.

ఆ గుంజల గురించి మూడు వారాల కిందట ఫొటోలు, కొలతలు పెట్టి అర్జీ ఇచ్చాం. మొన్న శనివారం ఎవరో వచ్చి మధ్యలో ఒక గుంజ పీకేశారు. గుంత ఇంకా పూడ్చలేదు, కానీ పక్కనుంచి చైర్ పడుతోంది. వెళ్ళేసరికి టిఫిన్ బండాయన కూడా బండి రెండడుగులు వెనక్కి జరిపి పెట్టాడు, అక్క అడగలేదు. 28 సెంటీమీటర్ల చోట ఇంకా రోడ్డు మీదికి దిగాల్సిందే. సోమవారం ఆటో మానేసి తనే తోసుకుంటూ వెళ్ళింది, ఇరవై రెండు నిమిషాలు పట్టింది. సాయంత్రం ఇంటికొచ్చి నోట్స్ తీసి చూపించింది. 4.